తెలియక కాదు, తిరగలేక

కరువు జిల్లా మాట ఎక్కడ వచ్చినా, అది కలెక్టరేట్ సమీక్ష కానీ, టీవీ చర్చ కానీ, పట్నంలో పెళ్ళి భోజనాల బంతి కానీ, ఒక వాక్యం వెనకాలే వచ్చి కూర్చుంటుంది. "పథకాలకేం తక్కువండీ, బోలెడున్నాయి. జనానికే అవగాహన లేదు." అన్నవాడికి ఖర్చు లేదు, విన్నవాడికి నొప్పి లేదు. పథకం మంచిది, ప్రభుత్వం మంచిది, అధికారి మంచివాడు. లోపమల్లా మా అనంతపురం జిల్లాలో కుందుర్పి దగ్గరో కంబదూరు దగ్గరో అరుగు మీద కూర్చున్న అవ్వది. ఆమెకు తెలీదు పాపం. మరేం చేయాలి? ఇంకో అవగాహన సదస్సు పెట్టాలి. షామియానా వేయాలి, ఫ్లెక్సీ కట్టాలి, జ్యోతి వెలిగించాలి, ఉప్మా పెట్టాలి, ఫొటో దిగాలి.

ఒకప్పుడు నేనూ ఈ మాట అన్నవాణ్ణే. అలాంటి సదస్సుల్లో కరపత్రాలు పంచినవాణ్ణే. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అబద్ధం. ఉత్త అబద్ధమైతే పోనీ అనుకోవచ్చు. చాలామందికి పనికొచ్చే అబద్ధం, అందుకే ఇన్నేళ్ళు బతికింది.

మొదట ఒక చిన్న సంగతి చూద్దాం. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. స్త్రీ శక్తి అని పేరు. పల్లెవెలుగు ఎక్కి ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొడతాడు. దరఖాస్తు లేదు, ఆదాయ ధ్రువపత్రం లేదు, మంజూరు లేదు. మా వైపు ఊళ్ళలో ఈ విషయం తెలియని ఆడమనిషి ఎవరైనా మిగిలారా? వారం తిరక్కముందే ఏ బస్సు వర్తిస్తుంది, ఏది వర్తించదు అన్నది కూడా నోటికొచ్చేసింది. అక్షరం ముక్క రాని పెద్దమ్మ సూపర్ లగ్జరీ రాగానే "ఇది మంది కాదులే" అని పక్కకు జరుగుతుంది. అన్న క్యాంటీన్ కూడా ఇంతే. ఐదు రూపాయలిస్తే ప్లేటు చేతికొస్తుంది, కులమేమిటని కానీ కార్డేదని కానీ అడిగేవాడుండడు. ఏ హమాలీకి, ఏ ఆటో డ్రైవరుకి అక్కడ అన్నం పెడతారని చాటింపు వేయాల్సి వచ్చింది?

ఇంకాస్త దూరం వెళ్దాం. 1991 నవంబరులో పుట్టపర్తిలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తెరిచారు. బిల్లు కౌంటరు లేని ఆసుపత్రి. గుండె జబ్బు మనుషులు బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి రైలెక్కి, భాష రాని ఊరికి, దుప్పట్లు చుట్టుకుని వస్తారు. రెండు వేల కిలోమీటర్ల అవతలి రైతుకూలీకి పుట్టపర్తి సంగతి తెలిసింది కానీ, పాతిక కిలోమీటర్ల దూరంలోని మండల కార్యాలయంలో ఏముందో మన పల్లె మనిషికి తెలియలేదా? తెలిసింది. అక్కడ ఏం జరుగుతుందో కూడా తెలిసింది. అందుకే పోవడం మానేశాడు.

మా చిన్నత్త కథ చెబుతాను. ఏ కార్యాలయమో చెప్పను. ఏదైనా ఇలాగే ఉండేది కాబట్టి పేరుతో పని లేదు. ఆమె ఆధార్‌లో పేరు చివర "క్క" అని ఉంది, రేషన్ కార్డులో "మ్మ" అని ఉంది. ఒక కాయితంలో అక్క, ఇంకో కాయితంలో అమ్మ. ఊళ్ళో ఆమెను రెండు విధాలా పిలుస్తారు కనుక ఎవరికీ ఎన్నడూ ఇబ్బంది రాలేదు. కంప్యూటరుకు వచ్చింది. ఆ రెండూ ఒకటి చేయడానికి ఆమె ఆరు తడవలు తిరిగింది, నాలుగో తడవ నుంచి నేనూ వెంట ఉన్నాను.

మొదటి తడవ సర్వర్ లేదు. రెండో తడవ సర్వర్ ఉంది, ఆపరేటరు ట్రైనింగుకు పోయాడు. మూడో తడవ ఫారం మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలన్నారు. ఆ సంతకం చేయగలిగిన డాక్టరు సెలవు. నాలుగో తడవ సంతకం దొరికింది, వేలిముద్ర పడలేదు. యాభై ఏళ్ళు కలుపు తీసి, శనక్కాయలు వలిచి, చింతపండు కొట్టిన వేళ్ళవి. ఆపరేటరు కుర్రాడు మంచివాడే. తడిగుడ్డతో తుడిపించాడు, కొబ్బరినూనె రాయించాడు, ఒక్కొక్క వేలూ మార్చి మార్చి నొక్కించాడు. "అవ్వా, నీ చేతుల్లో గీతలే ల్యావు" అన్నాడు. "ఉన్నెప్పుడు ఎవురడిగినారు నాయనా" అంది చిన్నత్త. క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఐదో తడవ ఫోన్‌కు వచ్చే ఓటీపీతో పని కానిద్దామన్నారు. ఫోన్ నంబరు కొడుకుది. కొడుకు బెంగుళూరులో సెంట్రింగు పని. ఓటీపీ బెంగుళూరుకు పోయింది. వాడు ఏడో అంతస్తు మీద ఉన్నాడు, ఫోన్ కింద సంచిలో ఉంది. మధ్యాహ్నం అన్నానికి దిగి వాడు అంకెలు చెప్పేసరికి ఓటీపీకి గడువు తీరింది, ఇక్కడ సారువాళ్ళు భోజనానికి లేచారు.

ఆరో తడవ పని అయింది. ఈ ఆరు తడవల్లో ఆమెకు తెలియనిదేమిటి, ఎవరైనా చెప్పండి. ఏ గది, ఏ కిటికీ, ఏ సారు ఏ వారం ఉంటాడు, ఏ జిరాక్సు రెండు ప్రతులు తీయించాలి, అన్నీ తెలుసు. ఆమె దగ్గర ఒక చీరలంగడి ప్లాస్టిక్ కవరు ఉంటుంది. దాంట్లో పట్టాదారు పాసు పుస్తకం, చచ్చిపోయిన మొగుడి మరణ ధ్రువపత్రం, కరెంటు బిల్లు, రెండు బ్యాంకుల పుస్తకాలు, పాస్‌పోర్టు ఫొటోలు ఆరు. మన గుమాస్తాల బీరువాల్లో కూడా కాయితాలు అంత సరిగ్గా ఉండవు. బస్సు ఛార్జీ ఇప్పుడు లేదు, నిజమే. కూలి మాటేమిటి? ఉపాధి పని రోజు కూలి 2025-26లో మన రాష్ట్రానికి 307 రూపాయలు. ఆరు రోజులకు 1,842. ఉచిత సేవ ఖరీదు అది, రెండక్షరాల సవరణకు. ఈ లెక్క ఏ పథకం కరపత్రంలోనూ ఉండదు.

ఇక్కడ పెద్దమనిషి ఒకాయన అడ్డు తగులుతాడు. "ఏమండీ, ప్రజల సొమ్ము. అర్హుడెవరో అనర్హుడెవరో తేల్చుకోకుండా పంచేయమంటారా?" సబబైన ప్రశ్నే, దాటేసి పోను. తేల్చాలి. కానీ తిప్పటం వల్ల తేలేది అర్హత కాదు, ఓపిక. కారున్నవాడు, ఆఫీసులో తమ్ముడున్నవాడు, రోజు పోయినా పొయ్యి ఆరిపోనివాడు జల్లెడలో నిలబడతారు. జల్లెడ కన్నాల్లోంచి కింద పడేవాళ్ళు ఎవరంటే, ఎవరి కోసం జల్లెడ పట్టారో వాళ్ళే.

ఇది కొత్త తెలివి అనుకోవద్దు. ధాత కరువు కాలంలో, అంటే 1876 నుంచి 1878 దాకా, అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం. విడి జిల్లా అయింది 1882లో. ఆ కరువులో వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో మద్రాసు రాజధానికి వచ్చాడు. ఖర్చు తగ్గించడం ఆయన పని. మగ కూలికి రోజుకు పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర అని తేల్చాడు. దానికి తోడు ఒక దూర పరీక్ష పెట్టాడు: ఇంటికి పది మైళ్ళ అవతల ఉన్న శిబిరాలకు నడిచి వచ్చినవాళ్ళకే పని. నిజంగా ఆకలి ఉంటే వస్తారు కదా అన్నది తర్కం. నిజంగా ఆకలి ఉన్నవాళ్ళు పది మైళ్ళు నడవలేరన్న సంగతి ఆ తర్కంలో లేదు. ఆరు తడవలు తిరిగితేనే నీ అవసరం నిజమని నమ్మే మన పద్ధతికీ, ఆ పది మైళ్ళకూ బంధుత్వం ఎంత దగ్గరిదో నేను చెప్పనక్కర్లేదు. టెంపుల్‌కు కనీసం ఒక నిజాయితీ ఉంది. దాన్ని పరీక్ష అనే పిలిచాడు. మనం సేవ అంటున్నాం.

అర్హత నియమాల్నే తీసుకోండి. సంక్షేమ పథకాలకు ఆరు అంచెల వడపోత అని ఒకటి నడుస్తోంది. కుటుంబానికి పదెకరాల మెట్ట దాటితే అనర్హత, మాగాణి అయితే మూడెకరాలు. ఈ గీత గీసినవారు గోదావరి కాలువ గట్టున కూర్చుని గీశారేమో. మా మెట్ట సంగతి తెలిసినవాడు అలా గీయడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య మేఘం మాదాకా వచ్చేసరికి ఖాళీ అవుతుంది. ఎర్రనేల, కింద జానెడు లోతులో గరుసు. ఇలాంటి నేల పన్నెండెకరాలున్న రైతు శనక్కాయ వేసి, ఊడలు దిగే వేళకు వాన ఎత్తిపోతే, విత్తనం కూడా తిరిగి రాదు. ఆయన బెంగుళూరులో వాచ్‌మెన్‌గా ఉంటాడు. కాయితం మీద ఆయన భూస్వామి. ఆయనకు ఏ అవగాహన కల్పిస్తారు? ముగ్గురన్నదమ్ములు వేరుపడి మూడు పొయ్యిలు పెట్టుకున్నా ఇంటికి మీటరు ఒకటే ఉంటే, నెలకు 300 యూనిట్లు దాటాయని ముగ్గురికీ కోత పడుతుంది. వాళ్ళకు నియమం తెలియదని కాదు. నియమానికే వాళ్ళ ఇల్లు తెలియదు.

తెలియకపోవడం గురించి ఇంత గట్టిగా వాదిస్తున్నాను కాబట్టి, జనానికి నిజంగానే తెలియనివి కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. అవేమిటో చూస్తే మాత్రం మీకూ అనుమానం వస్తుంది. 2005 ఉపాధి హామీ చట్టంలో, పని అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాశారు. పని అడిగినప్పుడు తేదీ వేసిన రశీదు ఇవ్వాలనీ రాశారు. ఆ రశీదు ఉంటేనే ఆ భృతి. ఇది ఎంతమంది కూలీలకు తెలుసు? బహు తక్కువ. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, జైలులో ఉన్నవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే దానికి సంస్థ ఉంది, 15100 అని ఫోన్ నంబరుంది. ఇదీ తెలియదు. రాష్ట్రం దాటి వలస పోయినవాళ్ళు అక్కడి రేషన్ షాపులోనే బియ్యం తీసుకునేలా, కర్ణాటకతో కలిపి 12 రాష్ట్రాల్లో 2020 జనవరి 1న మొదలైన ఏర్పాటు ఒకటుంది. కదిరి నుంచి పోయి బెంగుళూరు శివార్లలో రేకుల గుడిసెల్లో ఉండేవాళ్ళలో ఎందరికి తెలుసో ఎవరినైనా అడిగి చూడండి.

మరి ఈ ఫ్లెక్సీలన్నీ దేని మీద? నాయకుడి బొమ్మ పట్టే పథకాల మీద. అధికారిని జవాబు అడిగే హక్కులు, తేదీ వేసి రశీదు అడిగే హక్కులు, కోర్టుకు పోయే హక్కులు ఉన్నచోట మాత్రం గోడ తెల్లగా ఉంటుంది. జనానికి తెలియనిది ఏదంటే, వాళ్ళకు చెప్పకూడదని ఎవరో అనుకున్నది. దాన్ని జనం అజ్ఞానం కింద రాయడం ఏ లెక్క?

ఇప్పుడు దళారుల సంగతి. "తెలియక బ్రోకర్ల దగ్గరికి పోతారు" అంటారు. నేను చాలా గంటలు ఒక కార్యాలయం ఎదురుగా ఉన్న జిరాక్స్ అంగట్లో కూర్చున్నాను, చిన్నత్త పుణ్యమా అని. ఆ అంగడివాడు అమ్మేది సమాచారం కాదు. అది ఉచితంగానే చెబుతాడు, అడిగినవాడికీ అడగనివాడికీ. ఆయన అమ్మేది ఒక తడవ. "అవ్వా, నువ్వు ఇంటికి పోప్పా, సారు వస్తానే నేను పెట్టిస్తా" అనడానికి నూటయాభయ్యో రెండొందలో. పోయే కూలి 307, వీడికిచ్చేది 200. లెక్క తెలిసిన మనిషి ఎవరైనా ఏం చేస్తారు? దళారి దగ్గరికి పోవడం అమాయకత్వం అంటారు కానీ, అది మా పల్లె అర్థశాస్త్రం. దళారిని పోగొట్టాలంటే ఆయన అమ్మే ఆ తడవలను పోగొట్టాలి. ఆయన మీద దాడులు చేస్తే రేటు పెరుగుతుంది, అంతే.

సాయమే మనిషి దగ్గరికి నడిచి వచ్చిన సందర్భాలు ఈ జిల్లా చరిత్రలో లేకపోలేదు. వాటిని గుర్తు చేస్తే అవగాహన వాదులకు ఇబ్బందిగా ఉంటుంది.

విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చాడు. బార్సిలోనాలో పుట్టిన జెస్యూట్, అంతకు ముందు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులకు బావులు తవ్వించి, 1968లో దేశం విడిచిపొమ్మని హుకుం అందుకున్న మనిషి. ఇక్కడ ఆయనా, తర్వాత ఆయన భార్య అయిన ఆనీ కలిసి కట్టిన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట్లో ఆర్డీటీ. ఆ సంస్థ పద్ధతిలో నాకు ముఖ్యంగా కనబడేది బత్తలపల్లి ఆసుపత్రి కట్టడం కాదు. ఊరూరికీ ఒక మనిషిని పెట్టుకోవడం. ఎస్సీ కాలనీలో ఏ ఇంట్లో పిల్ల బడి మానేసింది, ఏ ఇంట్లో పిల్లవాడికి కాలు వంకర, ఏ గుడిసె కురుస్తోంది, ఇవన్నీ దరఖాస్తు రాకముందే ఆ మనిషికి తెలుసు. రోగి ఆసుపత్రిని వెతుక్కోవాల్సిన పని సగం అక్కడే తీరిపోయేది. 2009 జూన్‌లో ఫెర్రర్ చనిపోయినప్పుడు "ఫాదర్ పోయినాడు" అని ఊళ్ళు కదిలి వచ్చాయి. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడినప్పుడు ర్యాలీలు తీసిందీ, దీక్షలకు కూర్చుందీ ఎవరు? "అవగాహన లేని" మా జనమే. ఢిల్లీలో ఏ చట్టం కింద ఏ రెన్యూవల్ ఆగిందో పల్లెల్లో రచ్చకట్ట మీద మాట్లాడుకున్నారు.

దానం మీద ఆధారపడటం హక్కు కాదు కదా అంటారా? నేనూ అదే అంటాను. ఒక స్పెయిన్ దాత మనసు మారితే ఆగిపోయేది ఎంత మంచిదైనా జిల్లాకు సరిపోదు. అందుకే ఉపాధి హామీ గొప్పది అనుకున్నాం. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని మొదలుపెట్టింది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ ఏడాదే జిల్లాలో వందల ఊళ్ళలో సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్లు తెచ్చి అందరి ముందూ గట్టిగా చదివారు. "నా పేరున పదైదు దినాలు రాసినారు, నేను ఆ పొద్దు పుట్టింట్లో ఉండా" అని ఆడవాళ్ళు లేచి చెప్పారు. చదువు రానివాళ్ళు లెక్క తప్పు పట్టారంటే, లెక్క వాళ్ళ ఊరికి, వాళ్ళ భాషలో, వాళ్ళ ఎదుటికి వచ్చింది కాబట్టి. తర్వాత్తర్వాత అదే పథకం ఫోన్‌లోకి ఎక్కింది. హాజరుకు రోజుకు రెండు ఫొటోలు, 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే కూలి. చెరువులో సిగ్నల్ లేకపోతే మట్టి మోసినవాళ్ళు మోయనట్టే. దొంగ హాజర్లు తగ్గించడానికేనన్నారు. 2006లో జనం గొంతుతో దొరికిన దొంగను, యంత్రంతో పట్టుకుంటామని జనాన్నే దొంగల వరుసలో నిలబెట్టారు.

ఆరోగ్యశ్రీ కూడా 2007 ఏప్రిల్ 1న మొదట అమలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం తక్కిన రెండు. ఆ పథకం నిలబడింది కార్డు వల్ల మాత్రమే కాదు. ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర అని ఒక మనిషిని కూర్చోబెట్టారు. కాయితాల పని ఆ మనిషిది, రోగిది కాదు. ఆ మిత్ర సరైనవాడైనచోట పథకం బతికింది, కానిచోట ఈడిగిలబడింది.

ఇక వలంటీర్ల మాట. ఈ మాట ఎత్తగానే రెండు పార్టీలవాళ్ళకూ కోపం వస్తుంది కాబట్టి ఎత్తడమే మేలు. 2019 ఆగస్టులో యాభై ఇళ్ళకు ఒక వలంటీరును పెట్టారు. వాళ్ళను పార్టీ పనికి వాడుకున్నారన్న ఆరోపణను నేను కొట్టేయను. అయినా ఒకటో తారీఖు తెల్లారి తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టడం జరిగింది. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాళ్ళను పక్కన పెట్టమంది. ఏప్రిల్‌లో పింఛను సచివాలయం దగ్గరికి పోయింది, మే నెలలో బ్యాంకుకు పోయింది. అంటే ముసలివాళ్ళు పోయారు. ఆ ఎండల్లో క్యూల్లో సొమ్మసిల్లి పడిపోయారని, కొందరు చనిపోయారని పత్రికలు రాశాయి. మార్చిలో ఉన్న అవగాహన మేలో తగ్గిందా? పథకం అదే, పైకం అదే, మనిషి అదే. మారింది నడిచేది ఎవరు అన్నదొక్కటే. కొత్త ప్రభుత్వం అది గ్రహించింది. 2024 జులై 1న పెంచిన 4,000, పాత బకాయి 3,000 కలిపి 7,000 రూపాయలు సచివాలయ సిబ్బందితో ఇళ్ళకే పంపింది. ఒకరినొకరు తిట్టుకునే రెండు ప్రభుత్వాలు ఒకే సత్యాన్ని ఆచరణలో ఒప్పుకున్నాయి, మాటల్లో మాత్రం ఇద్దరూ మళ్ళీ అవగాహన సదస్సులే పెడతారు.

ఇప్పుడు కొత్త మంత్రం వాట్సాప్. 2025 జనవరి 30న మన మిత్ర మొదలైంది, 161 సేవలతో. దాన్ని వెక్కిరించను. డిగ్రీ చదివే మా అన్న కూతురు హాల్ టికెట్లూ ధ్రువపత్రాలూ ఫోన్లోనే తెప్పించుకుంటోంది, ఒక్క బస్సు ఎక్కకుండా. కానీ ఆ పిల్లకు ముందు కూడా అంత కష్టం లేదు. చిన్నత్త చేతిలో ఉన్నది బటన్ల ఫోన్. రీఛార్జి అయిపోయి ఒకసారి సిమ్ పోయింది, కొత్త నంబరు ఆధార్‌కు కలపలేదు. కలపడానికి మళ్ళీ అదే కిటికీ దగ్గరికి పోవాలి. మడకశిర వైపు, రొళ్ళ, అగళి మండలాల్లో ఇంట్లో కన్నడం మాట్లాడే అవ్వకు తెలుగు మెసేజీ ఎంత చేరువో చెప్పనక్కర్లేదు. అరచేతిలో ప్రభుత్వం అంటారు. గీతలు చెరిగిన అరచేతిని ఆ ప్రభుత్వం ఇంకా గుర్తుపట్టడం లేదు.

విమర్శించడం తేలిక, ఏం చేయాలో చెప్పమంటారు. చెబుతాను, పెద్ద ఖర్చు పనులేం కావు. దరఖాస్తు తీసుకున్న ప్రతి చోటా తేదీ, ఏ కాయితం తక్కువైందో, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసిన చీటీ ఇవ్వాలి. ఆ రోజు పని కాకపోతే తర్వాతి తడవ ఆఫీసే ఊరికి రావాలి. వేలిముద్ర పడని మనిషికి పక్కనే ఇంకో దారి చట్టబద్ధంగా ఉండాలి, కొడుకు ఫోన్‌తో పనిలేని దారి. నెలకొక రోజు తహశీల్దారు, బ్యాంకు మనిషి, ఆధార్ యంత్రం, వకీలు, నలుగురూ ఒకే జీపులో వచ్చి రచ్చకట్ట మీద కూర్చోవాలి. వాళ్ళు వచ్చే తేదీని ఊళ్ళో డప్పు కొట్టి చెప్పాలి. అవును, డప్పే. అవగాహన పేరిట ఖర్చు పెట్టే డబ్బుకు అంతకన్నా మంచి వాడకం నాకు తోచడం లేదు. మీదుమిక్కిలి, మెట్ట పదెకరాల గీతను ఒకసారి శనక్కాయ చేలో నిలబడి మళ్ళీ గీయాలి.

సోమవారం కలెక్టరేట్ దగ్గర అర్జీల రోజు. ప్రభుత్వానికో పేరు పెట్టారు దానికి: మీ కోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేర్లు మారినా అర్జీలు మారని మనుషులు అక్కడ కనబడతారు. పాత అర్జీ మడతల దగ్గర చిరిగిపోతే కొత్తది రాయించుకుంటారు, అంతే తేడా.

మొన్న ఒక బస్టాండులో అలాంటి సోమవారమే తిరుగు బస్సు కోసం కూర్చున్నాను. ఎదురుగా గోడకు నిలువెత్తు బోర్డు. మీకు తెలుసా అని పైన పెద్ద అక్షరాలు, కింద వరసగా పథకాలు, పక్కన నవ్వుతున్న బొమ్మలు. బోర్డు నీడలో ఒక ముసలామె సద్దిమూట విప్పుకుని సంగటి తింటోంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. నన్ను చూసి, "ఏం రాసినారప్పా దాండ్లో?" అంది. పైనుంచి కిందిదాకా చదివి వినిపించాను. ఆమె ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని, కవరు ముడి వేసుకుంటూ అంది.

"అవన్నీ నాకు తెల్సులే సామీ. సారు సీట్లో ఎప్పుడుంటాడో యాడన్నా రాసినారేమో సూడు."